ఐఎస్‌ఐ గుర్తు కింద ఉండే అంకెలు: ఒక బొమ్మల షాపు అనుభవం

తీర్థాల్లో, అంటే మా కోనసీమ జాతరల్లో, బొమ్మలు అమ్ముకునేవాళ్లకు సరుకు వేసే షాపు మాది. అమలాపురంలో నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఆ చుట్టుపక్కల ఊళ్లలో చిన్నా పెద్దా తీర్థాలు, మాఘమాసంలో అంతర్వేది కల్యాణం, శివరాత్రికి కోటిపల్లి, ఆపైన ఎండాకాలం దాకా ఊరూరా అమ్మవారి జాతరలు. ఈ నాలుగైదు నెలల్లో చేసే వ్యాపారమే మాకు ఏడాదంతా తిండి పెడుతుంది. మా దగ్గర సరుకు తీసుకెళ్లేవాళ్లలో చాలామందికి సొంత షాపు ఉండదు. ఒక టార్పాలిన్, రెండు బల్లలు, ఒక బల్బు, అంతే. సరుకు అప్పు మీద పట్టుకెళ్లి, తీర్థం అయ్యాక డబ్బు కడతారు. కాబట్టి ఏదైనా బొమ్మ బాగోలేకపోతే ముందు మాట పడేది వాళ్లు, తర్వాత మేము. తయారుచేసినవాడు ఎక్కడో ఉంటాడు.

మొన్నటి సీజన్‌లో జరిగింది వివరంగా రాస్తున్నాను. బొమ్మలు అమ్మే చిన్న షాపులవాళ్లకీ, పిల్లలకు బొమ్మలు కొనే అమ్మానాన్నలకీ ఇది తెలియాలనే రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మార్కెట్లో ఉన్న దిగుమతి బొమ్మల నమూనాలు తీసుకుని పరీక్ష చేయిస్తే మూడింట రెండు వంతులు ఫెయిలయ్యాయి. ఆ ఏడాది డిసెంబర్లోనే, బయటి దేశం నుంచి వచ్చే ప్రతి బొమ్మల కన్‌సైన్‌మెంట్ నుంచీ కస్టమ్స్ వాళ్లు నమూనా తీసి ఎన్‌ఏబీఎల్ (పరీక్షల ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాలని నిబంధన పెట్టారు. 2020 ఫిబ్రవరిలో బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు వచ్చింది, 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మ ఏదైనా సరే, ఇక్కడ తయారైనా విదేశంలో తయారైనా, ఐఎస్‌ఐ మార్కు లేకుండా తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు. కస్టమ్స్ సుంకం కూడా 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు.

విదేశీ ఫ్యాక్టరీకి ఐఎస్‌ఐ మార్కు కావాలంటే బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అదే బీఐఎస్, దగ్గర లైసెన్సు తీసుకోవాలి. ఫ్యాక్టరీని వాళ్లు తనిఖీ చేయాలి, బొమ్మలు పరీక్షలో నెగ్గాలి, ఇండియాలో బాధ్యత తీసుకునే ప్రతినిధి ఒకరు ఉండాలి. ఆ లైసెన్సు నెంబరే మార్కు కింద సీఎం/ఎల్ అని, పక్కన అంకెలతో ముద్రిస్తారు. మార్కు పైన ఐఎస్ నెంబరు, అంటే ఆ వస్తువుకు వర్తించే ప్రమాణం నెంబరు, ఉంటుంది. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, బ్యాటరీతోగానీ కరెంటుతోగానీ పనిచేసే బొమ్మలకు ఐఎస్ 15644.

మార్కు కింది సీఎం/ఎల్ నెంబరు, పైనున్న ఐఎస్ నెంబరు, ఈ రెండే నాకు దారి చూపించాయి.

ధనుర్మాసంలో సరుకు దిగింది. హైదరాబాద్‌లోని ఒక హోల్‌సేల్ డీలర్ దగ్గర తీసుకున్నది. అందులో లైట్లు వెలుగుతూ పాటలు పాడే చిన్న సెల్‌ఫోన్ బొమ్మ ఒకటి ఉంది. తీర్థాల్లో అలాంటివి బాగా పోతాయి, ధర తక్కువ, పిల్లలు చెయ్యి పెట్టి చూపించేది ముందు దాన్నే. పెట్టె మీద ఐఎస్‌ఐ మార్కు స్పష్టంగా ఉంది. తీర్థాలవాళ్లు కొందరు అప్పటికే తమ వాటా పట్టుకెళ్లారు కూడా.

రాజోలు వైపు నుంచి వచ్చే బాబాయి ఒకాయన ఉన్నారు. నాన్నగారి కాలం నుంచి మా ఖాతాదారు. ఆయన రెండో రోజే తిరిగొచ్చి, ఒక బొమ్మ కౌంటర్ మీద పెట్టారు.

“అమ్మాయిగారండి, ఇది మీరే ఓసారి చూడండి. మా మనవడు కింద పడేశాడండి. వెనకాల మూత ఊడొచ్చేసింది. లోపల బిళ్లలు మంచం కిందకి దొర్లిపోయాయండి. మా కోడలు చూసింది కాబట్టి సరిపోయింది.”

“మిగతావి ఎలా ఉన్నాయి బాబాయ్?”

“ఆయ్, అన్నీ అంతేనండి. గోరుతో లాగితే వచ్చేస్తున్నాయి. తీర్థంలో ఇది అమ్మలేనండి నేను.”

నేను షాపులో ఉన్నవి తీసి చూశాను. ఆయన చెప్పింది నిజం. బ్యాటరీ మూతకి స్క్రూ లేదు, ఉత్త నొక్కుడు మూత. లోపల రూపాయి బిళ్లంత లిథియం బ్యాటరీ. ఆ మూత ఎందుకంత ముఖ్యమో చాలామందికి తెలియదు, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. బటన్ బ్యాటరీ మింగితే నాణెం మింగినట్టు బయటికి పోతుందిలే అనుకుంటారు. అలా కాదు. 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ల చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుంటుంది. తడి తగలగానే దాని రెండు వైపుల మధ్య కరెంటు పారి, అక్కడికక్కడే క్షారం పుట్టి, కండ కాలిపోవడం మొదలవుతుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. బ్యాటరీ కారనక్కర్లేదు, పగలనక్కర్లేదు. పిల్లాడు మొదట్లో కాస్త దగ్గుతాడు, అన్నం వద్దంటాడు, చొంగ కారుస్తాడు. జలుబు చేసిందేమో అనుకునేలోపే నష్టం జరిగిపోతుంది. అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మా లంక గ్రామాల నుంచి ఏటి పాయ దాటి, రోడ్డెక్కి అలాంటి ఆసుపత్రికి చేరడానికే రెండు గంటలు పట్టే ఇళ్లు ఉన్నాయి. అందుకే ప్రమాణాల్లో, పనిముట్టు వాడకుండా పిల్లల చేతికి ఆ బ్యాటరీ దొరక్కూడదని రాశారు. ఒక చిన్న స్క్రూ ఆ పని చేస్తుంది.

అప్పుడు పెట్టె మీదున్న మార్కును మళ్లీ చూశాను. పైన ఐఎస్ 9873 అని ఉంది. బ్యాటరీ బొమ్మ మీద ఐఎస్ 15644 ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి, లైసెన్సు వివరాలు చూసే చోట సీఎం/ఎల్ నెంబరు కొట్టాను. నెంబరు నిజమైనదే. కానీ అది వేరే రాష్ట్రంలో ప్లాస్టిక్ పైపులు తయారుచేసే ఫ్యాక్టరీది. బొమ్మలతో ఏ సంబంధమూ లేదు.

పెట్టె అన్ని వైపులా తిప్పి చూశాను. తూనికలు కొలతల శాఖ ప్యాకేజీ నిబంధనల ప్రకారం దిగుమతి వస్తువు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందో, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోన్ నెంబరు ఉండాలి. దీని మీద ప్యాక్ చేసినవాళ్లది ఒక అరకొర చిరునామా ఉంది తప్ప తయారీదారు లేడు, దేశం పేరు లేదు. మూత విప్పితే లోపల సర్క్యూట్ మీద చైనా అక్షరాలు. బిల్లు తీసి చూస్తే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అంటే సరుకు ఏ రకమో చెప్పే నెంబరు, 3926 అని వేశారు, అంటే ప్లాస్టిక్ వస్తువులు. బొమ్మలకు ఉండాల్సింది 9503.

చెన్నైలో కస్టమ్స్ బ్రోకర్ దగ్గర పనిచేసే మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు. రాత్రి ఫోన్ చేసి అడిగాను. అన్నయ్య చెప్పింది విన్నాక మొత్తం దారి అర్థమైంది. కాకినాడ రేవు మాకు దగ్గర్లోనే ఉన్నా అక్కడ నడిచేది ఎక్కువగా బియ్యం, ఎరువులు, వంటనూనెలు. బొమ్మలు వచ్చేది కంటైనర్లలో, చెన్నై లాంటి పెద్ద పోర్టులకు. బొమ్మలని డిక్లేర్ చేస్తే నమూనా తీస్తారు, ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా సరుకు కదలదు, ఫెయిలైతే దిగుమతిదారు ఖర్చుతో వెనక్కి పంపాలి లేదా ధ్వంసం చేయాలి. దొంగదారి పట్టేవాళ్లు అసలు బొమ్మలని రాయరు. ప్లాస్టిక్ సామాన్లని రాస్తారు. లేదంటే డొప్పలు వేరుగా, సర్క్యూట్లు వేరుగా తెప్పించి, ఇక్కడ ఏదో గదిలో బిగించి, ఐఎస్‌ఐ అని అచ్చు వేయించిన పెట్టెలో పెడతారు. “బొమ్మ అని పేరు పెడితేనే బొమ్మల పరీక్ష జరిగేది. పేరు మార్చి వచ్చిన దాన్ని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పట్టుకోవాలి,” అన్నాడు. ఆ రాత్రి ఆ ఎవరో ఒకరు మా షాపే అయింది.

మర్నాడు షాపు తెరవగానే చేసిన మొదటి పని ఆ కార్టన్లన్నీ వెనక గదిలోకి చేర్పించి, అమ్మకూడదని కాగితం అతికించడం. రెండో పని తీర్థాలవాళ్లకు ఫోన్లు. ఎవరెవరు ఎన్ని పట్టుకెళ్లారో అప్పు పుస్తకంలో ఉంటుంది కాబట్టి పేర్లు దొరికాయి. ఫోన్ ఎత్తనివాళ్ల కోసం మా కుర్రాణ్ణి బండి మీద ముమ్మిడివరం, అంబాజీపేట, పి.గన్నవరం పంపాను. ఒక ఆవిడ అప్పటికే కొన్ని అమ్మేశారు. ఊళ్లో ఎవరికి అమ్మారో ఆవిడకి గుర్తుంది, వీధులన్నీ తిరిగి చాలావరకు తెచ్చిచ్చారు. “పిల్లలు ఏడుస్తూ ఇచ్చారమ్మా” అన్నారు. వాళ్లకి వేరే బొమ్మలు ఇచ్చి పంపాను. ఆ ఆవిడకి చదువు రాదు. కానీ ఆ రోజు ఆవిడ చేసిన పని పెద్ద కంపెనీలు రీకాల్ అని ప్రకటన ఇచ్చి చేసే పనికి ఏమాత్రం తక్కువ కాదు.

డీలర్‌కి ఫోన్ చేస్తే మొదట నవ్వారు. “ఇంత చిన్న బొమ్మకి ఇంత రాద్ధాంతమా మేడమ్, అందరూ అమ్ముతున్నారు” అన్నారు. లైసెన్సు కాపీ పంపమన్నాను. పంపుతానన్నారు, పంపలేదు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

ఇక ఫిర్యాదు చేయాలి. ఇక్కడ ఇంట్లో వాదన జరిగింది. మా వారు, “సరుకు మన గోడౌన్‌లో ఉంది. మనం ఫిర్యాదు చేస్తే ముందు వచ్చేది మన దగ్గరికే” అన్నారు. అది నిజమే. 2016 బీఐఎస్ చట్టంలో దొంగ మార్కు సరుకు తయారుచేసినవాడితో పాటు అమ్మినవాడు, నిల్వ చేసినవాడు కూడా బాధ్యులే. మొదటిసారి నేరానికి రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షలకు తగ్గకుండా జరిమానా అని ఉంది. చుట్టుపక్కల వ్యాపారులు కూడా, ఆ కార్టన్లు గుట్టుగా తగలబెట్టేసి ఊరుకోమన్నారు. కానీ మా దగ్గర తగలబెట్టినంత మాత్రాన అదే డీలర్ దగ్గర తీసుకున్న మిగతా జిల్లాల షాపుల్లో సరుకు ఎవరు ఆపుతారు? నాన్నగారిని అడిగాను. “రాసి ఇచ్చేయ్” అన్నారు, అంతకన్నా ఏమీ అనలేదు.

యాప్‌లోనే ఫిర్యాదు చేసే వీలుంది. ఐఎస్‌ఐ మార్కు దుర్వినియోగం అనే విభాగం ఎంచుకుని, పెట్టె ఫొటోలు, మార్కు దగ్గరి ఫొటో, కొనుగోలు బిల్లు జతచేశాను. ఫిర్యాదు నెంబరు వచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచుతారు. కానీ సరుకు నా దగ్గరే ఉంది కాబట్టి, ఉన్నది ఉన్నట్టు, అమ్మకం ఆపి వేరుగా పెట్టానని కూడా రాశాను. కొన్నాళ్లకు బ్రాంచి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సరుకు కదపొద్దని, బిల్లులు సిద్ధంగా పెట్టుకోమని చెప్పారు.

వాళ్లు వచ్చిన రోజు నాకు చాలా టెన్షన్‌గా ఉంది. కానీ తనిఖీ పద్ధతిగా జరిగింది. ముందు గుర్తింపు కార్డులు చూపించారు. ఎదురు మందుల షాపాయన్నీ, పక్కన ఫ్యాన్సీ షాపాయన్నీ సాక్షులుగా రమ్మన్నారు. కార్టన్లు వాళ్ల ఎదుటే తెరిచి లెక్కపెట్టారు. ప్రతి రకం నుంచి కొన్ని తీసి, గుడ్డ సంచుల్లో పెట్టి లక్క సీలు వేసి, దాని మీద మా సంతకాలు తీసుకున్నారు. పంచనామా రాసి చదివి వినిపించారు. ఒక మాట నేను చెప్పినదానికి తేడాగా ఉందంటే దిద్దారు. మిగతా సరుకుకి సీలు వేసి మా సంరక్షణలోనే ఉంచి, ముట్టుకోకూడదని రాయించుకున్నారు. బిల్లుతో పాటు లారీ రసీదు, బ్యాంకులో డబ్బు పంపిన కాగితం కూడా అడిగారు. ఆ మూడూ ఉండబట్టే సరుకు ఎవరి దగ్గర నుంచి ఎప్పుడు వచ్చిందో రుజువైంది. బిల్లు లేకుండా సగం ధరకి వస్తుందని సరుకు దించుకునే షాపులు మన దగ్గర తక్కువేమీ లేవు. అలాంటివాళ్ల దగ్గర ఇదే తనిఖీ జరిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

వచ్చినవాళ్లలో ఒక ఆఫీసరుగారు కూర్చుని ఓపిగ్గా షాపులోని మిగతా బొమ్మలు కూడా ఎలా చూడాలో చెప్పారు. పిల్లలు మింగే ప్రమాదం ఉన్న ముక్కను కొలవడానికి ల్యాబ్‌లో ఒక చిన్న గొట్టం వాడతారట. లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది, ఒక పక్క లోతు 25.4, ఇంకో పక్క 57.1 మిల్లీమీటర్లు. చిన్నపిల్లల గొంతు కొలతను దృష్టిలో పెట్టుకుని చేసింది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలో ఊడిన ముక్క ఏదైనా నొక్కకుండా అందులో పూర్తిగా పట్టేస్తే ఆ బొమ్మ ఫెయిల్. బొమ్మ కొత్తగా ఉన్నప్పుడే కాదు, పైనుంచి పడేసి, లాగి, మెలిపెట్టి, ఆ తర్వాత ఊడిన ముక్కలతో కూడా చూస్తారు.

నేను ఆ కొలతలు కాగితం మీద గీసి, రావులపాలెంలో మాకు తెలిసిన లేత్ మిషన్ షాపుకి పట్టుకెళ్లాను. ఆయనది రోజంతా రొయ్యల చెరువుల ఏరేటర్లకు షాఫ్టులు తిప్పే పని. ఎందుకో విని, ఆ పనులు పక్కన పెట్టి అల్యూమినియంలో చేసిచ్చారు, డబ్బు తీసుకోలేదు. “మా పాపకి రెండేళ్లండి, ముందు మా ఇంట్లో బొమ్మలు చూసొస్తాను” అని ఆ సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లి మర్నాడు ఇచ్చారు. అది ఇప్పుడు మా కౌంటర్ మీదే ఉంటుంది. పట్టుకుని చూసిన తల్లులు బొమ్మ కారు చక్రం ఊడదీసి అందులో వేసి చూస్తారు. చూశాక ఇంకెవరూ వాళ్లకి వివరించక్కర్లేదు. ఇది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు. రంగులో సీసం ఎంత ఉందో, ప్లాస్టిక్‌లో ఏం కలిపారో గొట్టం చెప్పలేదు.

ఆ సంగతి తెలుసుకోవాలనే, డీలర్ మీద నా దగ్గర సొంత ఆధారం ఉండాలనే, సీలు వేయక ముందు తీర్థాలవాళ్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చినవాటిలో కొన్నింటిని ఆఫీసరుగారికి చెప్పి వేరుగా ఉంచుకుని, చెన్నైలో ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ఒక ల్యాబ్‌కి పంపాను. ఫీజు మాలాంటి షాపుకి బరువే. రిపోర్టు వచ్చింది. పడేసే పరీక్షలో మూత ఊడి బ్యాటరీ బయటపడింది కాబట్టి అందులో ఫెయిల్. రంగులో సీసం మాత్రం హద్దులోనే ఉంది. ఫోన్‌కి ఉన్న మెత్తటి యాంటెన్నాలో, అంటే పిల్లలు ముందు నోట్లో పెట్టుకునే భాగంలో, థాలేట్లు హద్దు దాటాయి. ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే రసాయనాలవి, 0.1 శాతం మించకూడదు. చేత్తో పట్టుకుని చూస్తే ఎవరికి తెలుస్తుంది? మంచి మెత్తగా, పిల్లలకి గుచ్చుకోకుండా ఉందనే అనుకుంటాం.

ఇది చెప్పినప్పుడల్లా కొందరు, “చైనా బొమ్మలన్నీ అంతేనండి” అంటారు. నేను ఒప్పుకోను. లైసెన్సు తీసుకుని, పరీక్ష నెగ్గి, పేరూ దేశమూ సరిగ్గా రాసుకుని వచ్చిన విదేశీ బొమ్మతో మనకి పేచీ లేదు. ఇక్కడే అచ్చు పోసి, దొంగ మార్కు వేసి అమ్మేది కూడా అంతే ప్రమాదం. ఇంకొందరు కువైట్ నుంచి, మస్కట్ నుంచి ఇంట్లోవాళ్లు తెచ్చిన బొమ్మలు చూపించి, దీని మీద సీఈ ఉంది కదా, ఇంకేం అంటారు. సీఈ యూరప్ మార్కెట్ కోసం చాలావరకు తయారీదారు తనంతట తాను వేసుకునేది. గల్ఫ్ దేశాల్లో అమ్మే బొమ్మలకు వేరే జీ మార్కు ఉంది. మన షాపుల్లో అమ్మకానికి అవేవీ ఐఎస్‌ఐకి బదులు కావు. ఇంటికి వచ్చిన బొమ్మ ఏ దేశానిదైనా బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడటానికి మాత్రం ఏ మార్కూ అక్కర్లేదు.

ఆ సీజన్ ఎలా గడిచిందంటే, కష్టంగానే గడిచింది. సెల్‌ఫోన్ బొమ్మలు పెట్టాల్సిన చోట లైసెన్సు ఉన్న తయారీదారుల సరుకు తెప్పించాను, ధర ఎక్కువ. తీర్థంలో ఎక్కువ ధర బొమ్మ కొనేవాళ్లు తక్కువ. ఏటికొప్పాక లక్క బొమ్మలు కూడా కొన్ని తెప్పించాను. భౌగోళిక గుర్తింపు ఉన్న అలాంటి చేతివృత్తుల బొమ్మలకు ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఉంది. బొంగరాలు, గిలకలు బాగా పోయాయి. రాజోలు బాబాయి జగ్గన్నతోటలో తన బల్ల మీద ఒక అట్టముక్క పెట్టారట, బిళ్ల బ్యాటరీ బొమ్మలు మా దగ్గర లేవు అని. ఎవరూ చెప్పకుండా ఆయనే రాయించుకున్నారు. అడిగిన ప్రతి ఒక్కరికీ మనవడి కథ చెప్పారట.

డబ్బు విషయంలో మాత్రం ఒక సంగతి ముందే తెలిసుంటే బాగుండేదనిపించింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. వాళ్లు మర్యాదగా చెప్పింది ఏమిటంటే, తిరిగి అమ్మడానికి కొన్నవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులు కారు. మా దగ్గర బొమ్మ కొన్న తల్లి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు, ఐదు లక్షల లోపు విలువకి ఫీజు కూడా ఉండదు. నేను వెళ్లలేను. నాకున్న దారి సివిల్ కోర్టు. సరుకు చెప్పినట్టు లేదని వస్తు విక్రయ చట్టం కింద దావా వేసుకోవాలి. చిన్న వ్యాపారి ఈ రెండిటి మధ్యా ఇరుక్కుంటాడు. పై డీలర్ మోసం చేస్తే అతనికి తొందరగా, ఖర్చు లేకుండా న్యాయం దొరికే చోటు లేదు. అందుకే చాలామంది నోరు మూసుకుని ఆ సరుకు ఎలాగోలా అమ్మేసుకుంటారు. దొంగ మార్కుల మీద నిజంగా పట్టు రావాలంటే, ముందుకొచ్చి చెప్పిన షాపువాళ్ల డబ్బు తిరిగొచ్చే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలని నేను బీఐఎస్ వాళ్లకి రాసిచ్చాను.

నా మీద కేసు పెట్టలేదు. వాంగ్మూలం, కాగితాలు తీసుకున్నారు. పై డీలర్ మీద చర్య నడుస్తోందని మాత్రం చెప్పారు. లాయర్ గారి ద్వారా ల్యాబ్ రిపోర్టు జతచేసి నోటీసు పంపాక డీలర్ నుంచి కొంత డబ్బు వచ్చింది, మిగతాది ఇస్తామని కాగితం రాశారు. ఆ గడువు ఈ నెలాఖరుకి ఉంది. ఇవ్వకపోతే దావా వేస్తాం, కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

వచ్చే సీజన్‌కి ఆర్డర్లు పెట్టడం మొదలైంది. ప్రతి రకం బొమ్మకి సీఎం/ఎల్ నెంబరు, ఐఎస్ నెంబరు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ బిల్లు మీద వేస్తేనే సరుకు దించుకుంటామని డీలర్లందరికీ చెప్పాను. ఇద్దరు ముగ్గురు కుదరదన్నారు, వాళ్ల దగ్గర మానేశాను. ఒప్పుకున్నవాళ్ల నెంబర్లన్నీ మా అమ్మాయి యాప్‌లో కొట్టి చూసి, ఆర్డరు పుస్తకంలో ఒక్కొక్కటీ టిక్కు పెడుతోంది.